విశ్వాసి వాదనగా మతస్వేచ్ఛ: ఎర్రగుడి శాసనం నుండి 1986 తీర్పు వరకు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మతస్వేచ్ఛను గురించిన చర్చలో సాధారణంగా ఒక విభజన కనిపిస్తుంది. స్వేచ్ఛను కోరేవారు హేతువాదులు, లౌకికవాదులు అనీ, దానికి హద్దులు గీసేవారు విశ్వాసులు అనీ భావించడం పరిపాటి అయింది. ఆధునికాంధ్ర సంస్కరణోద్యమ చరిత్రను బోధించే సందర్భాలలో కూడా ఈ విభజన తెలియకుండానే చోటు చేసుకుంటుంది. దీనివల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. విశ్వాసి తన విశ్వాసాన్ని పక్కన పెడితే తప్ప ఎదుటివాని స్వేచ్ఛను గౌరవించలేడనే అభిప్రాయం బలపడుతున్నది. ఆ అభిప్రాయాన్ని అంగీకరించిన విశ్వాసి, మతస్వేచ్ఛ తనకు వ్యతిరేకంగా తెచ్చిన నియమమని అనుమానిస్తున్నాడు.

ఈ వ్యాసకర్త ఆస్తికుడు. దైవప్రార్థన నిత్యకృత్యమైన ఇంట్లో పెరిగినవాడు. కనుక ఈ ప్రశ్న కేవలం గ్రంథాలయంలో ఎదురైన ప్రశ్న కాదు. అయితే వ్యక్తిగత నమ్మకం ప్రమాణం కాదు గనుక, చారిత్రక ఆధారాల మీదనే ఈ పరిశీలన సాగుతుంది. అశోకుని ఎర్రగుడి శాసనం, జాషువ ‘గబ్బిలం’, గాంధీ–గోరాల సంభాషణ, రాజ్యాంగ సభ చర్చలు, 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు – ఈ ఐదూ ఇక్కడ ప్రధాన ఆధారాలు. కాలంలోను స్వరూపంలోను ఇవి భిన్నమైనవి. వీటిని ఒకచోట చేర్చి చూసినప్పుడు ఒక అంశం స్పష్టమవుతుంది: ఎదుటివాని అంతఃకరణానికి చోటు దొరకడం కోసం, బలం గల పక్షం తనకు ప్రియమైన ఒక మాటను వదులుకోవడమో, తాను కోరిన మాటను ఎదుటివాని నోట బలవంతంగా పలికించకపోవడమో జరిగినప్పుడే మతస్వేచ్ఛ ఆచరణలోకి వచ్చింది. ఆ పని విశ్వాసులు చేసినచోట, విశ్వాసం లేనందువల్ల గాక, విశ్వాసం బలంగా ఉన్నందువల్లనే చేశారు. దీనిని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

మూడు మాటలు – మూడు సాక్ష్యాలు

విషయంలోకి వెళ్ళేముందు తెలుగులో ఈ చర్చకు ఆధారమైన మూడు మాటలను పరిశీలించాలి. మొదటిది ‘పాషండం’. అశోకుని ప్రాకృత శాసనాలలో ఈ మాట నిందార్థకం కాదు. బౌద్ధులు, బ్రాహ్మణులు, ఆజీవకులు, నిర్గ్రంథులు మొదలైన వారిలో ఏ మతశాఖనైనా, దాని అనుయాయుల సముదాయాన్నైనా అది తెలుపుతుంది. చక్రవర్తి తన శాఖను, పరుల శాఖను ఒకే మాటతో పేర్కొన్నాడు. తర్వాతి కాలపు సంస్కృత వాఙ్మయంలో ఆ మాట వేదబాహ్యునికి, దుర్మార్గగామికి వాచకంగా మారింది. తెలుగులోకి అది ఈ రెండో అర్థంతోనే వచ్చింది. ‘పాషండుడు’ అనేది తెలుగులో తిట్టు. భాషాశాస్త్రంలో దీనిని అర్థాపకర్ష అంటాము. ఇక్కడ జరిగిన అర్థాపకర్ష ఒక మాటకు మాత్రమే పరిమితమైనది కాదు. భిన్న విశ్వాసిని సమానునిగా పేర్కొనడానికి ఉన్న ఒక పదాన్ని సమాజం పోగొట్టుకున్నది.

రెండవది ‘మతం’. ‘మన్’ ధాతువు నుండి ఏర్పడిన ఈ పదానికి తలచబడినది, అభిప్రాయం అని అర్థం. సమ్మతం, అభిమతం వంటి మాటల్లో ఆ మూలార్థం నేటికీ నిలిచి ఉంది. శాస్త్రగ్రంథాలలో ఒక పండితుని అభిప్రాయాన్ని అతని ‘మతం’గా పేర్కొనడం మనకు తెలిసినదే. ఒకని మతాన్ని మరొకడు ఖండించవచ్చు. కాని ఖండించడానికైనా దానిని ముందుగా సరిగా చెప్పాలి. పూర్వపక్షాన్ని ఎదుటివాడు ఒప్పుకొనే రీతిలో నిలబెట్టిన తర్వాతనే సిద్ధాంతం చేయాలన్న శాస్త్రమర్యాద ఇందులోనే ఉంది. ‘మతం’ అనే మాటను పుట్టుకతో సంక్రమించే సమూహ చిహ్నంగా మాత్రమే వాడటం అలవాటైన కొద్దీ ఈ మూలార్థం మరుగున పడింది.

మూడవది ‘మనస్సాక్షి’. మంచి చెడులను లోపలి నుండి తెలిపే శక్తిని తెలుగు ఒక సాక్షిగా భావించింది. సాక్షి లక్షణం చూసినది చూసినట్లు చెప్పడం. బెదిరించి చెప్పించిన సాక్ష్యం ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు. ఈ దృష్టితో చూస్తే బలవంతపు విశ్వాసం పాపమో పుణ్యమో అన్న ప్రశ్న కంటే ముందు, అది అసలు విశ్వాసమేనా అన్న ప్రశ్న వస్తుంది. ఒత్తిడికి లోనైన సాక్షి దైవం ఎదుట కూడా సాక్షి కాలేడు. మతస్వేచ్ఛకు విశ్వాసి ఇవ్వగల మొదటి సమర్థన ఈ మాటలోనే ఉంది.

ఎర్రగుడి: వాక్సంయమం

కర్నూలు జిల్లా పత్తికొండ సమీపంలోని ఎర్రగుడి బండలపై అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు లఘు శాసనాలు ఉన్నాయి. తెలుగునేలపై లభించిన అతి ప్రాచీన లిఖిత ఆధారాలలో ఇవి ముఖ్యమైనవి. లఘు శాసనంలో అశోకుడు తాను బౌద్ధ ఉపాసకుడనని ప్రకటించుకున్నాడు. ప్రధాన శాసనాలలో 12వది మతశాఖల పరస్పర వర్తనను గురించినది. రెంటినీ కలిపి చదవాలి. మొదటిది లేకుండా రెండవదాన్ని చదివితే, ఏ విశ్వాసమూ లేని పాలకుని పాలనానీతిగా అది కనిపిస్తుంది. నిజానికి అది ఒక విశ్వాసి మాట.

12వ శాసన సారాంశం ఇది. రాజు అన్ని శాఖలవారిని దానాలతో, మర్యాదలతో గౌరవిస్తున్నాడు. అయితే దానాల కంటే అన్ని శాఖలలో సారం వృద్ధి చెందడమే అతనికి ముఖ్యం. సారవృద్ధికి మూలం వాక్సంయమం. సందర్భం లేకుండా తన శాఖను పొగడటం, పరుల శాఖను నిందించడం తగదు. సందర్భం ఉన్నా మితంగానే చేయాలి. తన శాఖ మీద భక్తితో పరుల శాఖను కించపరచినవాడు నిజానికి తన శాఖకే ఎక్కువ హాని చేస్తాడు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి.

ఇందులో రెండు విషయాలు గమనార్హం. అశోకుడు భేదాలను కాదనలేదు. అన్ని శాఖలూ ఒకటేనని చెప్పలేదు. ఒక్కొక్క శాఖకు దాని సారం ఉందని అంగీకరించి, అది పెరగాలని కోరాడు. అతడు నిగ్రహాన్ని ఉపదేశించినది భక్తి లేనివారికి కాదు, భక్తి గలవారికి. పరనింద భక్తి నుండే పుడుతుందని అతనికి తెలుసు. అందుకే దానికి సమాధానాన్ని కూడా భక్తి పరిధిలోనే చెప్పాడు: నీ శాఖ మీద నీకు ప్రేమ ఉంటే ఆ పని చేయవద్దు, అది నీ శాఖకే చేటు.

దీనిని ఆధునికార్థంలో మతస్వేచ్ఛగా చెప్పడం మాత్రం సరికాదు. ఇది పాలకుడు ప్రజలకు చేసిన ఉపదేశం. పాలకుని మీద ప్రజలకు ఉన్న హక్కు కాదు. సహనానికీ హక్కుకూ మధ్య ఉన్న ఈ అంతరాన్ని దాటడానికి చరిత్రకు రెండు వేల ఏళ్ళకు పైగా పట్టింది. నడుమ కాలపు తెలుగు సాహిత్యం ఆ దారిలో నేరుగా సాగలేదు. పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’ కులభేదాన్ని తిరస్కరించిన మహాకావ్యం. భక్తుని కులం అడగరాదన్న విప్లవ భావం అందులో ఉంది. జైనుల పట్ల, ఇతర మతస్థుల పట్ల తీవ్ర వైరాన్ని ప్రకటించే కథలూ అందులోనే ఉన్నాయి. అంతర్గత సమానత్వం, బాహ్య సహనం ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే రావని ఈ కావ్యం చూపుతున్నది. పాషండ శబ్దం నిందార్థాన్ని స్థిరపరచుకున్న వాతావరణం ఇదే.

గబ్బిలం: ప్రవేశం లేని భక్తి

మతస్వేచ్ఛ అనగానే అన్యమతస్థునికి రక్షణ అని మాత్రమే తోస్తుంది. తన మతంలోనే తన దైవాన్ని చేరలేని వ్యక్తి మాటేమిటి? ఆధునిక తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్నను అత్యంత శక్తిమంతంగా నిలిపిన కావ్యం గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941). ఇందులో నాయకుడు అరుంధతీసుతుడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. గర్భగుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలానికి ఉంది. కనుక కాశీలోని శివునికి తన గోడు విన్నవించవలసిందిగా ఆ గబ్బిలాన్ని వేడుకుంటాడు. సందేశకావ్య సంప్రదాయంలో మేఘం, హంస వంటి రమణీయమైన దూతలు ఉన్న స్థానంలో, అశుభమని జనులు తలచే ప్రాణిని నిలపడంలోనే కవి విమర్శ ఉంది.

ఈ వ్యాసాంశానికి సంబంధించిన విశేషం మరొకటి. కావ్యంలోని నాయకుడు దైవాన్ని నిరాకరించలేదు. అతని విశ్వాసం మీద ఎవరికీ సందేహం లేదు. అతనికి లేనిది తలుపు. జాషువ క్రైస్తవ కుటుంబంలో జన్మించిన కవి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. అటువంటి కవి శివుని ముంగిట నిలవలేని దళితుని పక్షాన, ఆ దళితుని విశ్వాస పరిభాషలోనే మాట్లాడాడు. ఎదుటివాని మతాన్ని తన మతంలోకి మార్చి చెప్పలేదు. పరుల ధర్మాన్ని వినాలన్న ఎర్రగుడి ఉపదేశానికి కావ్యరూపం ఇంతకంటే ఏముంటుంది?

ఇక్కడ మతస్వేచ్ఛ భావన విస్తృతమైంది. వ్యక్తిని రాజ్యం నుండి కాపాడటం ఒక పార్శ్వం. వ్యక్తిని అతని మతసమాజం నుండి కాపాడటం మరో పార్శ్వం. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన ఆలయ ప్రవేశ చట్టం, ఆ తర్వాత రాజ్యాంగంలోని 17వ అధికరణం, 25వ అధికరణంలోని 2వ ఖండం ఈ రెండో పార్శ్వాన్ని చట్టపరిధిలోకి తెచ్చాయి. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగమే, ప్రజా స్వభావం గల హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిపించే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చింది. కావ్యంలో గబ్బిలం మోసిన విన్నపానికి శాసనరూపంలో లభించిన సమాధానంగా దీనిని భావించవచ్చు.

కాకినాడ నుండి సేవాగ్రామం వరకు: ఆస్తికుడు, నాస్తికుడు

మతస్వేచ్ఛకు అసలైన పరీక్ష భిన్న మతస్థుడు కాదు, ఏ దైవాన్నీ నమ్మనివాడు. తెలుగునేలపై ఈ పరీక్ష గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) జీవితం ద్వారా ఎదురైంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోరా 1933లో నాస్తిక భావాల కారణంగా కాకినాడ కళాశాలలో ఉద్యోగం కోల్పోయారు. రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో బ్రహ్మసమాజ ఆదర్శాలకు, అస్పృశ్యతా నిరసనకు పేరు పొందిన విద్యాసంస్థ అది. సంస్కరణకు ఆలవాలమైన చోట కూడా సంస్కరణ దైవాన్ని ప్రశ్నించే దాకా వచ్చినప్పుడు హద్దు ఏర్పడింది. ఏకేశ్వరోపాసకుల వారసత్వం విగ్రహాన్ని కాదనేవానికి చోటివ్వగలిగింది. దైవాన్నే కాదనేవానికి ఇవ్వలేకపోయింది. ఆ ఉద్యమం సాధించిన ఘనతను ఈ మాట తగ్గించదు. విశ్వాసి సహనం ఎక్కడ ఆగిపోతుందో మాత్రం తెలియజేస్తుంది.

గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. కులభేదాలను తొలగించే గ్రామసేవ ఆయన కార్యక్రమంలో ప్రధానం. మతపరమైన గుర్తింపులు మనుషులను విడదీస్తున్నాయనీ, వాటిని విడిచిపెడితే మనిషి మనిషిగా మిగులుతాడనీ ఆయన వాదన. ఈ విషయమై గాంధీజీతో ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. మొదట్లో గాంధీజీ స్పందన ప్రోత్సాహకరంగా లేదు. నాస్తికత్వం ఆత్మనిరాకరణమని ఆయన అభిప్రాయం. 1944 చివర గోరా సేవాగ్రామంలో ఆయనను కలుసుకున్నారు. ఆ సంభాషణలను గోరా తర్వాత ఆంగ్లంలో గ్రంథస్థం చేయగా, నవజీవన్ సంస్థ 1951లో ప్రచురించింది.

ఆ గ్రంథాన్ని బట్టి గాంధీజీ వైఖరిలో వచ్చిన మార్పును గుర్తించవచ్చు. తన ఆస్తికత్వమే సరైనదనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేననే స్థితికి ఆయన వచ్చారు. ఇద్దరూ సత్యాన్వేషకులేనన్నది ఆయన ఒప్పుకోలు. ఎవరి దారి తప్పని తేలినా మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలన్నది దాని అనువర్తనం. ఈ మార్పునకు తాత్త్విక భూమిక అంతకుముందే ఏర్పడి ఉంది. దేవుడే సత్యం అని చెబుతూ వచ్చిన గాంధీజీ, 1931 డిసెంబరులో స్విట్జర్లాండులోని లోజాన్‌లో మాట్లాడుతూ, సత్యమే దేవుడు అనే స్థితికి తాను చేరినట్లు వివరించారు. దైవాన్ని కాదనే నాస్తికుడు కూడా సత్యం ఆవశ్యకతను కాదనడన్నది అందులోని ఒక ప్రధాన కారణం. ఉద్దేశ్య విధేయాలను తారుమారు చేసిన ఈ వాక్యరచన కేవలం అలంకారం కాదు. మొదటి వాక్యంలో నాస్తికునికి చోటు లేదు. రెండవ వాక్యంలో ఉంది.

సిద్ధాంతం ఆచరణలో పరీక్షకు నిలిచిన ఘట్టం గోరా కుమార్తె వివాహం. అస్పృశ్యులుగా పరిగణింపబడిన వర్గానికి చెందిన యువకునితో ఆ వివాహాన్ని సేవాగ్రామంలో జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. నాస్తికుని ఇంటి వివాహంలో దైవనామం ఎలా? అక్కడ దైవనామానికి బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. అనుకున్న ప్రకారం ఆ వివాహం ఆ ఏడాది మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది.

రామనామాన్ని జీవితమంతా జపించిన వ్యక్తి, మరొకని ఇంటి శుభకార్యంలో దైవనామాన్ని పక్కన పెట్టడానికి ఒప్పుకోవడం సామాన్య విషయం కాదు. ఇది విశ్వాస లోపమని అనగలవారు లేకపోలేదు. కాని తన దైవం సత్యస్వరూపుడని గాఢంగా నమ్మినవాడే, సత్యం పేరు చెప్పినప్పుడు తన దైవానికి లోటు కలగదని నమ్మగలడు. సందేహం గలవానికే నామం పలికి తీరాలన్న పట్టుదల ఎక్కువగా ఉంటుంది.

రాజ్యాంగ సభ: విశ్వాసులు వేసిన ఓటు

ఇద్దరు వ్యక్తుల మధ్య సాధ్యమైన మర్యాద ఒక దేశపు నియమం కాగలదా? ఈ ప్రశ్న ఆ తర్వాతి రెండేళ్ళలో రాజ్యాంగ సభ ఎదుట నిలిచింది. నేటి 25వ అధికరణం ముసాయిదాలో 19వది. 1948 డిసెంబరు 3, 6 తేదీలలో చర్చకు వచ్చింది. ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యం అనే హద్దులకు లోబడి, అంతఃకరణ స్వేచ్ఛతో పాటు మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కులను అది అందరికీ సమానంగా ఇస్తున్నది. వివాదం ముఖ్యంగా ‘ప్రచారం’ అనే మాట చుట్టూ తిరిగింది. లోకనాథ మిశ్ర దానిని తీవ్రంగా వ్యతిరేకించారు. బెంగాలుకు చెందిన పండిత లక్ష్మీకాంత మైత్ర దానిని గట్టిగా సమర్థించారు. మద్రాసుకు చెందిన టి.టి. కృష్ణమాచారి, తాను సుమారు పద్నాలుగేళ్ళు క్రైస్తవ విద్యాసంస్థలలో చదివినా తన మతం మార్చే ప్రయత్నం జరగలేదని సాక్ష్యమిచ్చారు. అల్పసంఖ్యాకుల హక్కు కోసం అధికసంఖ్యాక మతానికి చెందినవారు మాట్లాడిన సందర్భం ఇది. తర్వాతి కాలంలో, 1977 నాటి స్టెయిన్స్‌లాస్ కేసులో, ప్రచార హక్కులో ఇతరులను మతం మార్పించే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. ఆ వివాదం ఇంకా సమసిపోలేదు.

దీనికంటే ఈ వ్యాసానికి ప్రధానమైనది 1949 అక్టోబరు 17 నాటి చర్చ. రాజ్యాంగ పీఠికను దైవనామంతో ప్రారంభించాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. ఆ సవరణను వ్యతిరేకించినవారిలో విశ్వాసులు ఉండటమే ఇక్కడ విశేషం. తిరువాన్కూరుకు చెందిన పట్టం థాను పిళ్ళై తాను దైవవిశ్వాసినని చెబుతూనే, ఈ సవరణ విశ్వాస విషయంలో నిర్బంధమవుతుందని వాదించారు. దేవుని నమ్మడానికీ నమ్మకపోవడానికీ మనిషికి హక్కు ఉన్నదని ఆయన తర్కం. హృదయనాథ్ కుంజ్రూ అంతరంగంలోని పవిత్ర భావాలను ఇలా వాదోపవాదాల రంగానికి తీసుకురావడం పట్ల విచారం ప్రకటించారు. మన ఉన్నత విశ్వాసాలను ఇతరులపై రుద్దకపోవడమే ఆ విశ్వాసాలకు తగిన పని అని ఆయన భావం. విశ్వాసానికీ ఆరాధనకూ స్వేచ్ఛ ఇస్తున్న పీఠికలోనే అందరి తరఫున దైవనామం చెప్పడం ఆ స్వేచ్ఛకు విరుద్ధమని వారి వాదనల సారాంశం. అధ్యక్షస్థానంలో ఉన్న రాజేంద్రప్రసాద్ దీనిని ఓటింగు దాకా తీసుకురావద్దని కామత్‌కు సూచించారు. కామత్ అంగీకరించలేదు. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చాయి.

ఈ 68 ఓట్లను నాస్తికుల ఓట్లుగా భావించడం చారిత్రక దోషం. దైవాన్ని ఓటింగుకు పెట్టడమే అపచారమని భావించిన ఆస్తికులు వారిలో ఉన్నారు. సేవాగ్రామంలో ఒక వివాహం విషయంలో జరిగినదే ఇక్కడ ఒక దేశపు ప్రతిజ్ఞ విషయంలో జరిగింది. ఆ సభే ప్రమాణ స్వీకార విధానంలో, దైవనామంతో ప్రమాణం చేయడానికీ, దైవనామం లేకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయడానికీ రెండు మార్గాలను తెరిచి ఉంచింది. పీఠికలో అందరి తరఫున పలకకూడదన్న నామాన్ని, ఎవరికి వారు పలకదలచినప్పుడు కాదనలేదు. రాజ్యం మౌనంగా ఉన్నది వ్యక్తి మాట్లాడటం కోసం. దైవసాక్షికీ మనస్సాక్షికీ నడుమ ఎంపికను రాజ్యం పౌరునికే విడిచిపెట్టింది.

1986: ముగ్గురు పిల్లల మౌనం

ఈ సూత్రం సామాన్యుల జీవితంలో పరీక్షకు వచ్చిన ఘట్టం కేరళలో జరిగింది. 1985 జులైలో, జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులను పాఠశాల నుండి తొలగించారు. జాతీయగీతం ఆలపించే సమయంలో వారు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కారు. తమ దైవానికి తప్ప మరి దేనికీ ప్రార్థనగా తోచే గీతం పాడరాదన్నది వారి విశ్వాసం. హైకోర్టులో వారికి ఊరట లభించలేదు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు రాయలసీమకు చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ ఆ ధర్మాసనంలో రెండవవారు.

తీర్పులోని తర్కం మూడు మెట్లలో సాగుతుంది. గౌరవంగా నిలబడటం అవమానించడం కాదు. గీతాన్ని విధిగా పాడాలని ఏ చట్టమూ శాసించలేదు. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ ఇమిడి ఉంది. ఇక ఒక విశ్వాసం న్యాయమూర్తుల బుద్ధికి, భావానికి నచ్చుతుందా అన్నది ప్రశ్న కాదు. ఆ విశ్వాసం నిజాయితీగా, అంతఃకరణపూర్వకంగా ఉన్నదా అన్నదే ప్రశ్న. ఎంత చిన్న అల్పసంఖ్యాక వర్గమైనా రాజ్యాంగం కింద తన ఉనికిని నిలుపుకోగలగడమే ప్రజాస్వామ్యానికి గీటురాయి అన్న భావాన్ని తీర్పు ప్రకటించింది.

దేశభక్తి గల పౌరునికి జాతీయగీతం పవిత్రం. ఆ పవిత్రమైన మాటను మరొకని నోట బలవంతంగా పలికించకపోవడం ఇక్కడ సమాజం పాటించవలసిన నిగ్రహం. గాంధీజీ ఘట్టంలో విశ్వాసి నాస్తికునికి ఇచ్చిన చోటునే, ఈ ఘట్టంలో లౌకిక రాజ్యం విశ్వాసికి ఇచ్చింది. స్వేచ్ఛ రెండు వైపులా నడిచే దారి అని ఈ రెండు ఘట్టాలను జోడించి చూసినప్పుడే తెలుస్తుంది.

ఆక్షేపణలు – సమాధానం

ఈ ప్రతిపాదన మీద రెండు ఆక్షేపణలకు అవకాశం ఉంది. మొదటిది విశ్వాసి పక్షం నుండి వచ్చేది: నా ధర్మం సత్యమని నమ్ముతూ, అసత్యానికి స్వేచ్ఛ కోరడం వైరుధ్యం కాదా? దీనికి సమాధానం ‘మనస్సాక్షి’ అనే మాటలోనే ఉంది. సత్యానికి కావలసినది అంగీకారం, లొంగుబాటు కాదు. అసత్యాన్ని ఖండించే హక్కు విశ్వాసికి మిగిలే ఉంటుంది. గాంధీజీ గోరాతో ఏకీభవించలేదు, వాదన మానలేదు. ఖండనకూ నిర్బంధానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించడమే మతస్వేచ్ఛ కోరేది.

రెండవ ఆక్షేపణ బలమైనది. మతస్వేచ్ఛ పేరుతో కులాన్ని, స్త్రీల పట్ల వివక్షను కాపాడుకునే ప్రయత్నాలు జరిగాయి, జరుగుతున్నాయి. విశ్వాసి తన స్వేచ్ఛను గురించి మాత్రమే మాట్లాడి, తన గుడి ముందు, మసీదు ముందు, చర్చి ముందు నిలిచిపోయిన తన వారిని గురించి మాట్లాడకపోతే ఆ వాదన ఆత్మరక్షణ మాత్రమే అవుతుంది. ఇది తోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. ఇందుకే ఈ వ్యాసంలో ‘గబ్బిలం’ కేవలం సాహిత్యోదాహరణగా గాక ప్రధాన ఆధారంగా స్వీకరింపబడింది. 25వ అధికరణంలో మొదటి ఖండాన్ని రెండవ ఖండం నుండి విడదీసి చదవరానట్లే, పరమతస్థుని స్వేచ్ఛను తన మతంలోని బలహీనుని స్వేచ్ఛ నుండి విడదీసి సమర్థించరాదు. గాంధీ–గోరాల మైత్రికి భూమిక కూడా తత్త్వచర్చ కాదు, అస్పృశ్యతా నివారణ. ఒకరు దైవం పేరుతో, మరొకరు దైవం లేకుండా ఒకే పని చేయబూనడం వల్లనే వారి మాటలకు విలువ వచ్చింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగునేలకు సంబంధించిన ఆధారాలలో మతస్వేచ్ఛ విశ్వాసానికి వెలుపలి నుండి వచ్చిన భావనగా మాత్రమే గాక, విశ్వాసంలో నుండి పుట్టిన నియమంగా కూడా కనిపిస్తున్నది. ఎర్రగుడిలో అది పాలకుని ఉపదేశం. సేవాగ్రామంలో వ్యక్తుల నడుమ మర్యాద. రాజ్యాంగ సభలో శాసనం. 1986లో అల్పసంఖ్యాకుని చేతికి అందిన హక్కు. ఈ నాలుగు దశలలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక నిగ్రహం. ఉపాసకుడు ఆత్మస్తుతికి హద్దు గీసుకున్నాడు. రామభక్తుడు ఒక పెళ్ళిలో దైవనామాన్ని పక్కన పెట్టడానికి ఒప్పుకున్నాడు. సభలోని ఆస్తికులు పీఠికలో దానిని వద్దన్నారు. న్యాయస్థానం పాటను బలవంతంగా పాడించరాదన్నది. ఈ నిగ్రహం లోపించిన చోట ఏమవుతుందో పాషండ శబ్దపు పతనం, కాకినాడలో ఉద్యోగం కోల్పోయిన అధ్యాపకుడు, కాశీకి గబ్బిలాన్ని పంపవలసి వచ్చిన భక్తుడు చెబుతున్నారు.

ఈ చరిత్రలోని విశ్వాసులు తమ నమ్మకాన్ని తగ్గించుకోలేదు. తమ దైవం తమ కాపలా మీద ఆధారపడి లేడని నమ్మారు. ఆధునిక సమాజంలో మతస్వేచ్ఛను సమర్థించదలచిన ఆస్తికుడు అన్యమతం నుండి గాని, నాస్తికత్వం నుండి గాని వాదనలను అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. అవి అతని పూర్వుల చేతల్లో ఉన్నాయి. ఒక్క ప్రశ్న మాత్రం ప్రతి తరమూ తనను తాను అడగాలి: ఎదుటివాని మనస్సాక్షి నిర్భయంగా సాక్ష్యం చెప్పడం కోసం, నాకు అత్యంత ప్రియమైన ఏ మాటను నేను అతని మీద రుద్దకుండా ఉండగలను? ఆ ప్రశ్నకు సమాధానం దొరికినంత మేరకే మతస్వేచ్ఛ రాజ్యాంగ గ్రంథం దాటి జీవితంలోకి వస్తుంది.